ముంజేతి ఎముకను కొలిచి మనిషి ఎత్తు అంచనా వేయడం ఎలా?

మోచేతిని మడిచి బల్ల మీద ఆనించండి. బల్లకు తగులుతున్న ఆ గట్టి మొన మీద రెండో చేతి వేలు పెట్టి, చిటికెన వేలి వైపుగా మణికట్టు దాకా మెల్లగా నొక్కుకుంటూ రండి. దారి పొడవునా చర్మం కిందే ఎముక తగులుతూ ఉంటుంది. అదే అల్నా. దాని పక్కనే, బొటనవేలి వైపు ఉండేది రేడియస్. స్కూలు పుస్తకాల్లో వీటినే అరత్ని, రత్ని అని చదువుకున్నాం. ఈ రెండింటిలో ఏ ఒక్కటి చెక్కుచెదరకుండా దొరికినా ఆ మనిషి ఎత్తును అంచనా కట్టవచ్చు.

"అంచనా" అన్న మాటను నేను ఊరికే వాడలేదు. ఎముకల పాఠం చెప్పే ప్రతిసారీ విద్యార్థులు "సార్, ఎత్తు ఎంత వచ్చింది?" అని ఒకే అంకె అడుగుతారు. ఒకే అంకె అంటూ ఉండదు. "ఇంత నుంచి ఇంత మధ్య ఉండవచ్చు" అని చెప్పడమే ఈ పని. లెక్క చేయడానికి రెండు నిమిషాలు చాలు. సరిగ్గా కొలవడం, సరైన సూత్రం ఎంచుకోవడం, వచ్చిన జవాబును నిజాయితీగా రాయడం, వీటికే టైమ్ పడుతుంది. అందుకే కింద వాటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ఇంకో మాట ముందే చెప్పాలి. మనిషి ఎముకల్లా కనిపించేవి ఎక్కడైనా అనుకోకుండా కంటపడితే కొలవడం మీ పని కాదు. ముట్టుకోకుండా, కదపకుండా పోలీసులకు చెప్పండి. ఈ పద్ధతి ల్యాబ్‌లో, అనుమతి ఉన్న ఎముకల మీద నేర్చుకునేవాళ్ళ కోసం. చివర్లో బతికున్న మనిషి ముంజేతిని కొలిచే పద్ధతి కూడా చెప్తాను. మంచం దిగలేని పేషెంట్ల విషయంలో అది రోజూ పనికొస్తుంది.

చేతి ఎముకతో ఎత్తు ఎలా తెలుస్తుంది?

మనం నిలబడినప్పుడు ఎత్తులో లెక్కకు వచ్చేవి పాదం, కాలి ఎముకలు, నడుము, వెన్ను, మెడ, తల. చెయ్యి పక్కన వేలాడుతుంది తప్ప ఎత్తుకు ఒక్క మిల్లీమీటరు కూడా కలపదు. అయినా, పొడుగ్గా పెరిగే శరీరంలో చేతులూ పొడుగ్గానే పెరుగుతాయి. ఆ పొంతన మీదే మన లెక్కంతా ఆధారపడి ఉంది. పొంతన బలంగానే ఉంటుంది కానీ అందరిలో ఒకేలా ఉండదు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరి చేతులు కాస్త పొడుగ్గా, ఇంకొకరివి కాస్త పొట్టిగా ఉండటం మీరూ చూసే ఉంటారు.

అందుకే తొడ ఎముక దొరికితే ముందు దాన్నే కొలవండి. కింద చెప్పబోయే ట్రాటర్ సూత్రాల్లో, తెల్లజాతి మగవాళ్ళ తొడ ఎముకకు ప్రామాణిక దోషం, అంటే అంచనా అటూ ఇటూ తప్పే మేర, 3.27 సెంటీమీటర్లయితే, అల్నాకు 4.32. ముంజేతి ఎముకల అవసరం కాలి ఎముకలు దొరకనప్పుడు, విరిగిపోయినప్పుడు వస్తుంది. అది తరచుగా వచ్చే అవసరమే.

ముందుగా ఎముకను గుర్తుపట్టండి

అల్నా పైభాగం పానా నోరులా ఉంటుంది. ఆ నోటి పై దవడ ఒలెక్రానాన్, అంటే మీరు ఇందాక బల్లకు ఆనించిన మొన. కింది దవడ కొరొనాయిడ్. భుజం ఎముక కింది కొస ఆ నోట్లో ఇరుక్కుని తిరుగుతుంది. మణికట్టు వైపు వచ్చేసరికి అల్నా సన్నబడి చిన్న గుండ్రటి తలతో, దాని పక్కన స్టైలాయిడ్ అనే పుల్లలాంటి మొనతో ముగుస్తుంది. రేడియస్ దీనికి తలకిందులు. మోచేతి దగ్గర చిన్న గుండ్రటి బిళ్ళలాంటి తల ఉంటుంది, మణికట్టు దగ్గర వెడల్పవుతుంది. కింద పడబోతూ చెయ్యి ఆనించినప్పుడు విరిగేది చాలాసార్లు ఆ వెడల్పు భాగమే.

కుడి, ఎడమ తేల్చడం కూడా అవసరమే. అల్నాను మోచేతి వైపు పైకి, పానా నోరు మీకు ఎదురుగా ఉండేలా నిలబెట్టి పట్టుకోండి. నోటి పక్కన రేడియస్ తల ఆనుకునే చిన్న గుంట కనిపిస్తుంది. అది ఏ వైపు ఉంటే ఎముక దానికి ఎదుటి వైపుది. మీకు ఎడమ పక్కన కనిపిస్తే అది కుడి అల్నా, ఎందుకంటే ఆ మనిషి మీకు ఎదురుగా నిలబడినట్టు మీరు పట్టుకున్నారు. మొదట్లో అందరూ ఇక్కడే తికమకపడతారు. మీ ముంజేతి పక్కన పెట్టి చూసుకుంటే వెంటనే తేలిపోతుంది.

ఈ ఎముక కొలవడానికి పనికొస్తుందా?

బోర్డు మీద పెట్టే ముందు ఎముకను చేతిలోకి తీసుకుని నాలుగు విషయాలు చూడండి.

పెరుగుదల పూర్తయిందా అన్నది మొదటిది. పిల్లల్లో, టీనేజ్ వాళ్ళలో ఎముక కొసలు మధ్య భాగంతో ఇంకా అతుక్కుని ఉండవు. ముంజేతిలో మోచేతి వైపు కొసలు ముందు అతుక్కుంటాయి, మణికట్టు వైపువి ఆలస్యంగా, సుమారు 16 నుంచి 20 ఏళ్ళ మధ్య అతుక్కుంటాయి. అమ్మాయిల్లో ఇది కాస్త ముందే జరుగుతుంది. మణికట్టు కొస విడిగా ఉన్నా, అతుకు గీత ఇంకా తెరుచుకుని ఉన్నా పెద్దవాళ్ళ సూత్రం వాడకూడదు. అలాంటి ఎముకకు వయసును బట్టి కట్టిన వేరే సూత్రాలు ఉన్నాయి.

కొసలు పూర్తిగా ఉన్నాయా అన్నది రెండోది. అల్నా స్టైలాయిడ్ మొన చాలా నాజూకు. పాత ఎముకల్లో అది తరచుగా విరిగిపోయి ఉంటుంది. నాలుగు మిల్లీమీటర్లు ఊడిపోతే ఎత్తులో ఒకటిన్నర సెంటీమీటరు తేడా వస్తుంది. విరిగిన మొనను కళ్ళతో ఊహించి కలపకండి. రేడియస్ బాగుంటే దాన్ని కొలవండి.

మూడోది, పాత విరుగుళ్ళు, అదనపు పెరుగుదల. మణికట్టు దగ్గర విరిగి వంకరగా అతుక్కున్న రేడియస్ పొట్టిదవుతుంది. అలాంటి చోట అల్నాయే నయం. దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది. ముసలితనంలో ఒలెక్రానాన్ మీద, చేతి వెనక కండరం అతుక్కునే చోట, ముల్లులాంటి ఎముక పెరుగుతుంది. అది కొలతను రెండు మూడు మిల్లీమీటర్లు పెంచేస్తుంది. దాన్ని చూసీ చూడనట్టు వదిలేయకండి, కాగితం మీద రాయండి.

ఇక కాలిన ఎముక. వేడికి ఎముక కుంచించుకుపోతుంది, బీటలు వారుతుంది, వంగిపోతుంది. అది ఎంత కుంచించుకుందో ఏ సూత్రమూ చెప్పదు. బూడిద రంగుకో తెలుపుకో తిరిగిన ఎముకతో ఎత్తు లెక్క కట్టకండి.

కొలవడం

కావాల్సింది ఆస్టియోమెట్రిక్ బోర్డు. ఒక చివర కదలని నిలువు పలక, ఇంకో చివర జరిగే నిలువు పలక, మధ్యలో మిల్లీమీటర్ల స్కేలు ఉంటాయి. బోర్డు లేకపోతే చదునైన బల్ల మీద స్కేలు టేపుతో అతికించి, రెండు చివర్లా నిటారుగా నిలబడే చెక్క దిమ్మలు పెట్టుకోవచ్చు. దిమ్మలు 90 డిగ్రీల్లో ఉన్నాయో లేదో మూలమట్టంతో చూసుకోండి. దర్జీ టేపు మాత్రం వద్దు, అది ఎముక వంపు వెంట పోతుంది.

పెద్ద సైజు వెర్నియర్ కాలిపర్ ఉన్నా పనవుతుంది, కానీ ముంజేతి ఎముక పట్టేంత దూరం దాని దవడలు తెరుచుకోవాలి.

ఇక్కడ మనకు కావాల్సింది ఎముక గరిష్ఠ పొడవు. అల్నాకైతే ఒలెక్రానాన్ మీద అన్నిటికన్నా పైనున్న బిందువు నుంచి స్టైలాయిడ్ చిట్టచివర దాకా. రేడియస్‌కైతే తల పైఅంచు నుంచి స్టైలాయిడ్ కొస దాకా. ఒలెక్రానాన్‌ను కదలని పలకకు ఆనించండి. జరిగే పలకను మణికట్టు కొసకు తాకేలా తీసుకురండి, గట్టిగా నొక్కకండి. ఇప్పుడు ఎముకను చూపుడు వేలితో కొద్దిగా పైకి, కిందికి, పక్కలకు ఊపుతూ ఉండండి. పలక ఒక్కోసారి వెనక్కి జరుగుతుంది. ఎక్కడ అన్నిటికన్నా ఎక్కువ అంకె కనబడుతుందో అదే గరిష్ఠ పొడవు. ఎముకను చక్కగా బోర్డు గీతకు సమాంతరంగా సర్దాలని చూడకండి. గరిష్ఠ పొడవు కొంచెం ఏటవాలుగా ఉన్నప్పుడే దొరుకుతుంది.

అల్నాకు ఇంకో కొలత కూడా ఉంది. పానా నోటి లోపలి అంచు నుంచి, అంటే కొరొనాయిడ్ మీది గుంట నుంచి, మణికట్టు దగ్గరి తల దాకా కొలుస్తారు. దాన్ని ఫిజియలాజికల్ పొడవు అంటారు. ఒలెక్రానాన్, స్టైలాయిడ్ రెండూ అందులో పోతాయి కాబట్టి అది గరిష్ఠ పొడవు కన్నా బాగా తక్కువ. పొరపాటున దాన్ని గరిష్ఠ పొడవు సూత్రంలో పెడితే మనిషి ఏకంగా చాలా పొట్టివాడైపోతాడు.

మూడుసార్లు కొలవండి. ప్రతిసారీ ఎముకను బోర్డు మీంచి తీసి మళ్ళీ పెట్టండి. పెట్టింది పెట్టినట్టే ఉంచి స్కేలు మూడుసార్లు చూస్తే అది ఒక్క కొలతే. మూడింటి మధ్య రెండు మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ తేడా వస్తే ఎక్కడో ఆనించడం కుదరలేదని అర్థం, మళ్ళీ మొదలుపెట్టండి. వీలైతే పక్కవాళ్ళతో, మీ అంకెలు చూపించకుండా, ఒకసారి కొలిపించండి.

చదివిన అంకె రాసేటప్పుడు కూడా జాగ్రత్త. నేను నేర్చుకునే రోజుల్లో ఒక అల్నాకు 246 అని రాసుకున్నాను. లెక్క కట్టాక, అదే మనిషి రేడియస్‌తో వచ్చిన ఎత్తుతో పొంతన కుదరలేదు. రెండు గంటలు సూత్రాలతో కుస్తీ పట్టాను, టెన్షన్‌తో చెమటలు పట్టాయి. చివరికి ఎముకను మళ్ళీ బోర్డు మీద పెడితే 256. ఒక్క సెంటీమీటరు తప్పు ఎత్తులో 3.7 సెంటీమీటర్లయి కూర్చుంది. అప్పటి నుంచి అంకెను పైకి చదివి రాయడం, రెండు ఎముకల్నీ పక్కపక్కన పెట్టి చూడటం అలవాటు చేసుకున్నాను. పెద్దవాళ్ళలో అల్నా సాధారణంగా రేడియస్ కన్నా రెండు సెంటీమీటర్ల దాకా పొడుగ్గా ఉంటుంది. మీ అంకెల్లో అల్నాయే చిన్నదిగా కనిపిస్తే ఏదో తేడా కొట్టినట్టే.

సూత్రం ఎంచుకోవడం: తప్పులు జరిగేది ఎక్కువగా ఇక్కడే

ఎక్కువమంది వాడే సూత్రాల వెనక మిల్డ్రెడ్ ట్రాటర్ పని ఉంది. అమెరికాలో అనాటమీ చెప్పే ఆవిడ, రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సైనికుల్ని గుర్తించే పనికి 1948లో హవాయి వెళ్ళారు. సైన్యంలో చేరినప్పుడు కొలిచిన ఎత్తులు రికార్డుల్లో ఉన్నాయి, ఎముకలు ఎదురుగా ఉన్నాయి. ఆ రెండింటినీ జతచేసి, గోల్డీన్ గ్లెసర్ అనే గణాంక నిపుణురాలితో కలిసి 1952లో సూత్రాలు ప్రచురించారు. 1958లో కొరియా యుద్ధ మృతుల ఎముకలతో ఆ పనిని కొనసాగించారు. ఆడవాళ్ళ సూత్రాలు మాత్రం సైనికుల నుంచి కాదు, టెర్రీ సేకరణ అనే శవ అస్థికల సేకరణ నుంచి వచ్చాయి.

ట్రాటర్ 1970లో క్రోడీకరించిన వాటిలో ముంజేతికి సంబంధించినవి ఇవి. పొడవు సెంటీమీటర్లలో ఉండాలి, జవాబూ సెంటీమీటర్లలోనే వస్తుంది.

అమెరికన్ తెల్లజాతి మగవాళ్ళు: 3.70 × అల్నా + 74.05 (దోషం ± 4.32), 3.78 × రేడియస్ + 79.01 (± 4.32)

అమెరికన్ తెల్లజాతి ఆడవాళ్ళు: 4.27 × అల్నా + 57.76 (± 4.30); 4.74 × రేడియస్ + 54.93 (± 4.24)

అమెరికన్ నల్లజాతి మగవాళ్ళు: 3.26 × అల్నా + 79.29 (± 4.42), 3.42 × రేడియస్ + 81.56 (± 4.30)

అమెరికన్ నల్లజాతి ఆడవాళ్ళు: 3.31 × అల్నా + 75.38 (± 4.83), 3.67 × రేడియస్ + 71.79 (± 4.59; ఇవి 1977లో సరిచేసిన అంకెలు)

ఆసియా మూలాల మగవాళ్ళు: 3.48 × అల్నా + 77.45 (± 4.66), 3.54 × రేడియస్ + 82.00 (± 4.60)

ఇప్పుడు ఒకే ఎముకను వీటిలో పెట్టి చూద్దాం. మూడుసార్లు కొలిస్తే అల్నా 257, 256, 257 మిల్లీమీటర్లు వచ్చింది. 25.7 సెంటీమీటర్లు అనుకుందాం. మగమనిషి అని కటి ఎముకను బట్టి ముందే తేలింది.

మొదటి సూత్రంతో: 3.70 × 25.7 = 95.09. దానికి 74.05 కలిపితే 169.1.
ఆసియా సూత్రంతో: 3.48 × 25.7 = 89.44. దానికి 77.45 కలిపితే 166.9.
నల్లజాతి మగవాళ్ళ సూత్రంతో: 3.26 × 25.7 = 83.78. దానికి 79.29 కలిపితే 163.1.

ఎముక మారలేదు, కొలత మారలేదు. సూత్రం మార్చినందుకే ఆరు సెంటీమీటర్ల తేడా వచ్చింది. శరీరంలో ముంజేయికి, మిగతా ఒంటికి ఉండే నిష్పత్తి జనాభాను బట్టి మారుతుంది. ఒక జనాభాలో కట్టిన సూత్రం ఇంకో జనాభాకు అచ్చంగా అతకదు. కాబట్టి ఆ మనిషి ఏ జనాభాకు చెందినవాడై ఉంటాడో, అదే జనాభా మీద, వీలైతే దగ్గరి కాలంలో కట్టిన సూత్రం వెతకండి. తరాలు మారేకొద్దీ కూడా శరీర నిష్పత్తులు మారుతాయి. సరైన సూత్రం దొరక్కపోతే ఏది వాడారో, ఎందుకు వాడారో రాయండి. ఆడా మగా అన్నది తేలకపోతే రెండు సూత్రాలతోనూ కట్టి రెండు జవాబులూ ఇవ్వండి. ముంజేతి ఎముక పొడవును బట్టి ఆడ, మగ నిర్ణయించి, మళ్ళీ అదే పొడవుతో ఎత్తు కట్టడం ఒకే సాక్షిని రెండుసార్లు పిలవడమే అవుతుంది.

సూత్రం ఎంత పేరున్నదైనా, అది కట్టినవాళ్ళు ఎముకను ఎలా కొలిచారో అలాగే మీరూ కొలవాలి. ట్రాటర్ సూత్రాల్లోనే ఇందుకు ఉదాహరణ ఉంది. మోకాలి కింది ఎముక టిబియా విషయంలో ఆమె రాసిన నిర్వచనం ఒకటి, నిజంగా కొలిచింది ఇంకొకటి. చీలమండ దగ్గర కాలి లోపలి వైపు పొడుచుకొచ్చే ఎముక గుబ్బను కొలతలో కలపలేదు. ఆ సంగతి రిచర్డ్ జాంట్జ్, మరో ఇద్దరు పరిశోధకులు 1995లో బయటపెట్టారు. అప్పటి దాకా పుస్తకంలో రాసిన నిర్వచనం ప్రకారం గుబ్బతో సహా కొలిచినవాళ్ళంతా ఎత్తును రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్లు ఎక్కువ చేసి చెప్పారు. నలభై ఏళ్ళకు పైగా! ముంజేతి సూత్రాల మీద ఆ ఆరోపణ లేదు. కానీ ఏ కొత్త సూత్రం తీసుకున్నా కొలత పద్ధతి పేరా ముందు చదివి, ఆ తర్వాతే సూత్రం పేరా చదవండి.

ఒక అంకెతో గుణించేస్తే సరిపోదా?

"అల్నాను ఆరుతో గుణిస్తే ఎత్తు వస్తుంది" అనే రకం చిట్కాలు పాఠ్యపుస్తకాల్లో కూడా కనిపిస్తాయి. నేను వాటిని వాడను, ఎందుకో లెక్కలోనే చూపిస్తాను.

26 సెంటీమీటర్ల అల్నాకు పై మొదటి సూత్రం 170.25 ఇస్తుంది. 170.25ను 26తో భాగిస్తే గుణకం దాదాపు 6.55. ఇదే గుణకాన్ని పొడుగు మనిషికి, 29 సెంటీమీటర్ల అల్నాకు వాడితే 190 దగ్గరికి పోతుంది. సూత్రమైతే 181.35 ఇస్తుంది. పొట్టి మనిషికి, 23 సెంటీమీటర్లకు గుణకం 150.6 ఇస్తుంది, సూత్రం 159.15. మధ్యలో ఉన్నవాళ్ళకు రెండూ ఒకటే. పొడుగువాళ్ళను గుణకం ఇంకా సాగదీస్తుంది, పొట్టివాళ్ళను ఇంకా కుదిస్తుంది. సూత్రంలో విడిగా కలిపే ఆ 74.05 చేసే పని అదే, ఆ లాగుడును ఆపడం. అయితే ఆ 74.05కు విడిగా అర్థం ఏమీ లేదు. సూత్రం కట్టినప్పుడు చూసిన పొడవుల పరిధిలోనే అది పనిచేస్తుంది. మరీ పొట్టి, మరీ పొడుగు ఎముకలకు సూత్రాన్నీ గుడ్డిగా నమ్మకండి.

జవాబును పరిధిగా మార్చండి

మన 25.7 అల్నాకు 169.1 వచ్చింది, ప్రామాణిక దోషం 4.32. ఒక్క దోషం అటూ ఇటూ తీసుకుంటే 164.8 నుంచి 173.5. ఆ గుంపులోని వంద మందిని తీసుకుంటే సుమారు 68 మంది అసలు ఎత్తు ఈ పరిధిలో పడుతుంది. మిగతా 32 మంది బయటే ఉంటారు. కాబట్టి ఎవరినైనా "ఇతను కాదు" అని పక్కన పెట్టేయాల్సిన చోట రెండు దోషాలు తీసుకోండి: 160.5 నుంచి 177.8. అంటే 5 అడుగుల 3 అంగుళాల నుంచి 5 అడుగుల 10 అంగుళాల దాకా. ఇందులో సుమారు 95 మంది పడతారు.

ఈ పరిధి చూసి విద్యార్థుల ముఖాలు వాడిపోతాయి. "ఇంత వెడల్పైతే ఏం లాభం సార్?" అంటారు. లాభం ఉంది. తప్పిపోయినవాళ్ళ జాబితాలో ఒకరి ఎత్తు 185, ఇంకొకరిది 172 అనుకోండి. మొదటి వ్యక్తి అయ్యే అవకాశం చాలా తక్కువని చెప్పగలం. రెండో వ్యక్తి కావచ్చని మాత్రమే చెప్పగలం, అవునని చెప్పలేం. ఎత్తుతో చేయగలిగేది వెతకాల్సిన చోటును చిన్నది చేయడం. మనిషిని తేల్చేది దంతాలు, డీఎన్‌ఏ లాంటివి. ఒక కుటుంబం మన రిపోర్టు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. పరిధిని బలవంతంగా ఇరుకు చేసి వాళ్ళ మనిషినే జాబితా నుంచి తీసేస్తే, ఆ తప్పును సరిదిద్దే అవకాశం మళ్ళీ రాకపోవచ్చు.

రేడియస్ కూడా దొరికితే దానితోనూ కట్టండి. 24.0 సెంటీమీటర్ల రేడియస్‌కు 3.78 × 24.0 + 79.01 = 169.7 వస్తుంది. అల్నాతో వచ్చిన 169.1కి దగ్గరగా ఉంది కాబట్టి కొలతలో పెద్ద పొరపాటు లేదని నమ్మకం కుదురుతుంది. అంతవరకే. రెండింటి సగటు తీసి, దోషం సగమైందని మాత్రం రాయకండి. ఒకే ముంజేతిలో పక్కపక్కన పెరిగిన ఎముకలవి. ఆ మనిషి చేతులు ఒంటికన్నా పొడుగైతే రెండూ కలిసే మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. నేనైతే దోషం తక్కువున్న సూత్రాన్ని ఎంచుకుని, రెండోదాన్ని సరిచూసుకోవడానికే వాడతాను.

వయసు సవరణ

వయసు పెరిగేకొద్దీ వెన్నుపూసల మధ్య డిస్కులు పలచబడి మనిషి కాస్త కుంగుతాడు. చేతి ఎముక మాత్రం కుంగదు. అందుకే సూత్రం చెప్పేది ఆ మనిషి నిండు యవ్వనంలోని ఎత్తు. ట్రాటర్, గ్లెసర్ సవరణ ప్రకారం 30 దాటిన ప్రతి ఏడాదికీ 0.06 సెంటీమీటరు తీసేయాలి. 50 ఏళ్ళ మనిషికి 0.06 × 20 = 1.2, అంటే 169.1 కాస్తా 167.9 అవుతుంది. తర్వాత వచ్చిన ఆలిసన్ గాలోవే 1988 సవరణ ప్రకారం తగ్గుదల 45 తర్వాతే మొదలవుతుంది, ఏడాదికి 0.16. ఏదో ఒకటే వాడండి, రెండూ కలపకండి.

సవరణ చేసే ముందు మీరు దేనితో పోల్చబోతున్నారో ఆలోచించండి. 60 ఏళ్ళ మనిషి గుర్తింపు కార్డు మీద ఎత్తు 25 ఏళ్ళప్పుడు రాసింది అయితే, వయసు సవరణ చేస్తే పోలిక చెడిపోతుంది. పైగా కార్డు మీది ఎత్తు ప్రతిసారీ కొలిచి రాసిందే కానక్కర్లేదు, మనిషి నోటితో చెప్పింది కూడా కావచ్చు. మనుషులు తమ ఎత్తును కాస్త పెంచి చెప్పడం మామూలే. కాబట్టి మన వైపే కాదు, రికార్డు వైపు కూడా దోషం ఉందని గుర్తుంచుకోండి.

ఇంకో చిన్న విషయం. శవాన్ని పడుకోబెట్టి కొలిస్తే నిలబడినప్పటి కన్నా సుమారు 2.5 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. శవాల పొడవు మీద నేరుగా కట్టిన సూత్రమైతే ఆ మేరకు తగ్గించాలి. ట్రాటర్ సూత్రాల్లో ఆ సవరణ ముందే కలిసిపోయి ఉంది, మళ్ళీ తీసేయక్కర్లేదు.

బతికున్న మనిషి ముంజేతితో

మంచం మీదున్న పేషెంటును నిలబెట్టి కొలవలేం. పోషణ సరిపోతుందో లేదో చూడటానికి, ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో తెలుసుకోవడానికి మాత్రం ఎత్తు కావాలి. బ్రిటన్‌లోని బాపెన్ సంస్థ రూపొందించిన 'మస్ట్' అనే పోషణ పరీక్షలో దీనికి అల్నా పొడవు పట్టిక ఉంది.

వీలైతే ఎడమ చెయ్యి తీసుకోండి. మోచేతిని మడిచి, అరచేతిని ఛాతీ మీద ఆనించి, వేళ్ళు ఎదుటి భుజం వైపు చూసేలా పెట్టండి. మోచేతి మొన నుంచి మణికట్టు దగ్గర చిటికెన వేలి వైపు తగిలే ఎముక గుబ్బ మధ్య దాకా కొలవండి. ఇక్కడ మెత్తని టేపు పనికొస్తుంది, కానీ తిన్నగా పట్టుకోవాలి, చర్మాన్ని లాగకూడదు. అర సెంటీమీటరుకు సరిచేసి పట్టిక చూడండి.

పట్టికలో ఆడ, మగ, 65 ఏళ్ళ లోపు, పైన అని నాలుగు వరుసలుంటాయి. ఎందుకో ఒక ఉదాహరణ చూడండి. 24 సెంటీమీటర్ల అల్నా ఉన్న స్త్రీకి 65 లోపైతే 162 సెంటీమీటర్లు, పైబడితే 158. వయసు కుంగుదలను ఆ పట్టికే లెక్కలోకి తీసుకుంది, మీరు విడిగా మళ్ళీ తీసేయకండి. ఈ పట్టికను ఎండు ఎముకకు, ట్రాటర్ సూత్రాన్ని చర్మం మీది కొలతకు వాడకండి. ఒకదానిలో చర్మం, మృదువైన కండ కలిసి ఉన్నాయి, కొలిచే బిందువులూ కొంచెం వేరు. చెయ్యి వాచిపోయినా, సెలైన్ పెట్టి ఉన్నా రెండో చెయ్యి కొలవండి. ఎక్స్‌రే ఫిల్మ్ మీద స్కేలు పెట్టి కొలవాలని కూడా కొందరికి అనిపిస్తుంది. ఎక్స్‌రేలో నీడ అసలు ఎముక కన్నా పెద్దదిగా పడుతుంది, ఎంత పెద్దదో తెలిస్తే తప్ప ఆ కొలత వాడకూడదు.

రిపోర్టులో ఏం రాయాలి

ఏ ఎముక, ఏ వైపు, మూడు కొలతలూ విడివిడిగా, ఏ బోర్డుతో, ఏ సూత్రం, అది ఏ జనాభా మీద కట్టింది, ఎంత దోషం, వయసు సవరణ చేశారా లేదా. ఇవన్నీ ఉంటే రేపు ఇంకొకరు మీ కొలతను మళ్ళీ పరీక్షించగలరు. నేను రాసే తీరు ఇది:

"ఎడమ అల్నా, కొసలు పూర్తిగా అతుక్కున్నాయి, విరుగుళ్ళు లేవు. గరిష్ఠ పొడవు 257, 256, 257 మి.మీ. ట్రాటర్ 1970, తెల్లజాతి మగవాళ్ళ సూత్రం. అంచనా ఎత్తు 169 సెం.మీ., 95 శాతం పరిధి 160.5 నుంచి 177.8 సెం.మీ. వయసు సవరణ చేయలేదు. రేడియస్ (24.0 సెం.మీ.)తో సరిచూశాం, పొంతన ఉంది. వ్యక్తి మూలాలు వేరని తేలితే ఈ అంచనాను మళ్ళీ కట్టాలి."